ఫొటో కింద వాక్యం

ఆయన్ని పత్రికాఫీసులో హెడ్డింగుల మాస్టారంటారు. ప్రతి వార్త నెత్తిన కూర్చునే నాలుగు లావు మాటలూ ఆయనవే. కళ్లజోడు నుదుటి మీదకి తోసి, ఒక్కో మాటనీ బల్ల మీద వేళ్లతో దరువేసి చూసుకుంటారు, తూగకపోతే కొట్టేస్తారు. ఈమధ్య ఆ దరువు మధ్యలో ఆగి, చూపు పక్క బల్ల మీదకి పోతోంది. అక్కడ ఫొటోల కింద వాక్యాలు రాసే కొత్తమ్మాయి కూర్చుంటుంది. "చీమ తలకాయంత అక్షరాలు, ఆ పిల్ల రాసేది ఎవడు చదువుతాడు?" అని ఆఫీసులోనూ ఇంట్లోనూ ఒకటే సణుగుడు, ఎవరూ అడక్కపోయినా.

మొన్న పొద్దున్న కాఫీ తాగుతూ ఆయన భార్య పేపరు చూసి పకపకా నవ్వింది. వానలో ఆఫీసరుకి గొడుగు పట్టిన బంట్రోతు ఫొటో. కింద, 'గొడుగు పట్టినవాడే తడిశాడు' అని ఉంది. "ఎంత బాగా రాసిందండీ మీ ఆఫీసు కొత్తమ్మాయి!"

"పైన హెడ్డింగు చూశావా?"

"ఆఁ, వానలని ఏదో ఉంది."

ఆయనకి కాఫీ చేదెక్కింది. ఆ సాయంత్రం పేజీ చివరిసారి సరిచూసేటప్పుడు తన హెడ్డింగుని ఇంకాస్త లావు చేశారు. చోటు చాలక ఫొటో కింద వాక్యం ఎగిరిపోయింది. ఏమీ ఎరగనట్టు కళ్లజోడు తుడుచుకున్నారు.

మర్నాడు భార్య పేపరు విప్పింది. ఆ లావు అక్షరాలు దాటేసి, ఫొటో కింద వెతికింది.

"అయ్యో, ఆ అమ్మాయి నిన్న రాలేదా?"

"సెలవు," అన్నారాయన, కప్పు మొహానికి అడ్డం పెట్టుకుని.

"ఇవాళైనా వస్తుందిగా?" అంటూ ఆవిడ పేపరు మడిచి పక్కన పెట్టేసింది.