చిక్కితే భయపడ్డాడంటారని

మా మేనమామ పోయాడని జమ్మలమడుగు నుంచి ఫోనొచ్చినప్పుడు నేను ప్రొద్దుటూరు ఆసుపత్రిలో నర్సు డ్యూటీలో ఉన్నాను. ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. మీరు నన్ను తిట్టుకున్నా సరే, ఆ మంట దాచుకుని ఆయన గురించి రాయడం నా వల్ల కాదు.

నూట నలభై కిలోల మనిషి. పులివెందులలో పెళ్లికి పోయినా కుర్చీని చేత్తో నొక్కి చూసుకునిగానీ కూర్చునేవాడు కాదు. ఫ్యాక్షన్ రోజుల్లో మా ఊరి నాయకుడి జీపులో అంచు సీటు ఆయనదే. బాంబు పడితే ముందు మామకు తగలాలని ఆ ఏర్పాటు. దాన్ని ఆయన గౌరవమనుకున్నాడు.

నాకు నర్సింగులో సీటొస్తే ఇంట్లో అందరూ వద్దన్నారు. మామే తీసుకెళ్లి హాస్టల్లో దింపాడు. "కొడవలి పట్టే చేతులు శానా ఉండాయి పాపా, సూదేసే చెయ్యి ఒకటన్నా ఉండాల" అన్నాడు. ఈ రోజు నేను తింటున్న అన్నం ఆ మాట పెట్టిందే. అందుకే ఇంత కోపం.

తర్వాత్తర్వాత నాలుగు మెట్లెక్కితే మామ పెదాలు నీలమయ్యేవి. హైదరాబాదు తీసుకెళ్లాను. ఊపిరితిత్తుల నాళాల్లో రక్తపు ఒత్తిడి పెరిగి గుండె అలిసిపోతోందనీ, పొట్ట చిన్నది చేసే ఆపరేషన్‌తో బరువు తగ్గితే ఆ ఒత్తిడీ తగ్గొచ్చనీ డాక్టరు చెప్పాడు. ఈ స్థితిలో మత్తివ్వడం ప్రమాదమే, ఊరికే ఉండటం ఇంకా ప్రమాదం అన్నాడు.

మామ భయపడింది మత్తుకు కాదు.

"నేను చిక్కితే అవతల పార్టీవాళ్లు ఏమంటారు? భయంతో చిక్కినాడంటారు."

"పాడెక్కితే ఏమంటారు మామా?" అన్నాను.

మూడో రోజు, "తేదీ అడుగు పో" అన్నాడు.

తేదీ ఖాయమయ్యాక చూస్తే పోలింగూ ఆ రోజే. నాయకుడు ఇంటికొచ్చి, "నువ్వు బూత్‌లో కూచుంటే చాలప్పా. ఆపరేషన్ యాడికి పోతాది?" అన్నాడు. నేను ఎంత మొత్తుకున్నా వినకుండా మామ పొద్దున్నించి సాయంత్రం దాకా బూత్‌లో కూర్చున్నాడు. మళ్లీ తేదీ నెల తర్వాత దొరికింది. ఆ గుండె అన్నాళ్లు ఆగలేకపోయింది.

శవం మీద నాయకుడు పార్టీ జెండా కప్పి ఫోటోలు తీయించుకున్నాడు. నాయకుడి ముందు ఏనాడూ గొంతెత్తని మా అత్త లేచి, ఆ జెండా తీసి, మడిచి నాయకుడి చేతుల్లోనే పెట్టింది.

"బరువు దించుదామని పాప తేదీ తెచ్చింది. మీరు దించనీయలే. ఇంకేమీ మీద పెట్టాకండప్పా."

పాడె వీధి మలుపు తిరిగేదాకా నాయకుడు ఎండలో అక్కడే ఉన్నాడు, ఆ గుడ్డ ఎవరికివ్వాలో తెలియక రెండు చేతులతో పట్టుకుని.