సాత్తూరు గేటు దగ్గర కొత్త పలుపు

మాసి నెల, బుధవారం. తెల్లవారేలోపు ముగించిన పనులు: పాలు పితకడం, మజ్జిగ చిలకడం, పనివాళ్ళకు జొన్నలు కొలవడం, దారికి పులిహోర మూట కట్టడం. విరుదునగరంలో ఉన్న మా అమ్మాయికి కాన్పయి నెల దాటింది. బిడ్డకు పాలు చాలడం లేదని కబురు రాగానే, మా ఇంట పుట్టిన పాడి ఆవును దూడతో సహా ఇచ్చి రావాలని కోవిల్‌పట్టిలో బండి కట్టించాను. రైలుకైతే ఒక పూట చాలు. ఆవును నడిపించాలంటే రెండు రోజులు వేసుకోవాలి. మొదటి రాత్రి సాత్తూరు సత్రంలో దిగాము. బసకు ఏమీ అడగలేదు, పశువుల గడ్డికి అణా అయింది.

గురువారం పొద్దున్నే బయలుదేరి ఊరు దాటగానే ఆశీలు గేటు వచ్చింది. బండికి రెండణాలు ఇచ్చాను. గుమాస్తా మాత్రం చీటీలో ఆవునూ దూడనూ బేరపు పశువులని రాశాడు. సొంత పశువుకు ఆశీలు లేదు. బేరానికి తోలేదైతే తలకింతని కట్టాలి. అతను అడిగినంత నా కొంగుముడిలో లేదు. కట్టకపోతే మర్నాడు గుత్తదారు వచ్చేదాకా ఆవును దొడ్లో ఉంచుతానన్నాడు.

"అయ్యా, ఇది మా ఇంట్లో పుట్టిన ఆవు. కూతురింటికి తోలుకుపోతా ఉండాము."

"ఇంటి ఆవుకి కొత్త పలుపు ఏంటికమ్మా? సంతలో కొన్నోళ్ళే కదా కొత్తది కట్టేది!"

అతని అనుమానం న్యాయమే. మా వైపు పశువును అమ్మినవారు మెడలోని పాత పలుపుతాడు విప్పి ఇంట్లో ఉంచుకుంటారు, కొన్నవారు కొత్తది కట్టి తోలుకుపోతారు. కూతురికి ఆవునిచ్చేటప్పుడు కూడా కొత్తదే కడతాము. నేను ఆ ముచ్చట ఇంటి దగ్గరే తీర్చుకున్నాను.

గేటు పక్కన దోసకాయలు అమ్ముతున్న ఒకామె ఇదంతా వింటోంది. "ఏమయ్యా, పలుపుని చూస్తివి, ఆవుని చూడకపోతివే! అక్కయ్యా, ఇదో నా చెంబు. దూడని విప్పకుండా పిండు. నిన్న కొన్న ఆవైతే తంతాది. తన్నితే దుడ్డు కట్టు!"

చెంబు అందుకుని ఆవు పక్కన కూర్చున్నాను. "గౌరీ" అని పిలిచి పొదుగు నిమిరాను. ఆవు మెడ తిప్పి నా భుజం నాకింది. చెంబు నురగతో నిండింది.

గుమాస్తా నవ్వాడు. "సరే తాయీ, నీ ఆవే." చీటీలో ఆ రెండు పద్దులూ కొట్టేశాడు.

"పక్కన సంతకం కూడా పెట్టు. వచ్చే గేటులో నేనుండను" అంది ఆమె.

పాలు ఆమెకే ఇవ్వబోయాను. "పసిబిడ్డ వాటా నాకేల?" అని చెంబుతోనే బండిలో పెట్టించింది.

దీపాల వేళకు విరుదునగరం చేరాము. ఆ రాత్రి మనవడు ఏడవకుండా నిద్రపోయాడు. ముక్కూ మొహం తెలియని నా కోసం ఆమె నోరు చేసుకుంది. తన రాత తప్పని తెలిశాక గుమాస్తా పంతానికి పోలేదు. ఇద్దరికీ మనసులో దండం పెట్టుకున్నాను. కూతురికి ఆవును తోలుకువెళ్ళేవారికి ఒక మాట: పాత పలుపుతోనే నడిపించండి, కొత్తది కూతురి గుమ్మంలో కట్టండి.

శనివారం తిరుగు దారిలో, మా వియ్యపురాలు చేసిన అరిసెలతో నింపి చెంబు ఆమె చేతికిచ్చాను. చెంబు బాకీ చెల్లు.