శనివారం తోడు

మంగళవారం, ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలు. ఎడమ చేతి మీద స్పిరిట్ దూది చల్లగా తగిలింది. ఆ ఘాటు ముక్కుకు ఎక్కుతుండగానే కిటికీలోంచి బెల్లం వాసన వచ్చింది. ఆసుపత్రి వెనుక రోడ్డు మీద, తెల్లవారక ముందే, దిమ్మలు నింపుకున్న బండ్లు మార్కెట్ వైపు బారులు తీరతాయి. అనకాపల్లిలో బెల్లం వాసన కొత్త కాదు. స్పిరిట్ వాసన ఏ ఊరి ఆసుపత్రిలోనైనా ఉంటుంది. ఆ రెండూ ఒకదానిలో ఒకటి కలిసినప్పుడు మాత్రం నాకు సుభద్ర టీచర్ గొంతు వినిపిస్తుంది. నేను చాలా ఏళ్ళుగా డైరీ రాస్తున్నాను. పూర్వం తేదీ వేసి విషయం రాసేవాణ్ణి. ఇప్పుడు మొదట వారం రాస్తాను, ఆ తరువాతే తేదీ. ఆ మార్పు ఆమె వల్ల వచ్చింది.

ఆమెను ఎరగనివారి కోసం కొంత చెప్పాలి. నేను ఒక బెల్లం వర్తకుడి దగ్గర లెక్కలు రాసే ఉద్యోగిని. యాభై దాటాక మూత్రపిండాలు పనిచేయడం మానేశాయి. వారానికి మూడుసార్లు, పూటకు నాలుగు గంటలు, నా రక్తం ఒక యంత్రంలోకి వెళ్ళి శుభ్రపడి తిరిగి వస్తేనే నేను బతుకుతాను. దానిని డయాలిసిస్ అంటారు. సుభద్ర టీచర్ కొండకర్ల వాసి, పదవీ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయురాలు. అదే జబ్బుతో నాకంటే చాలా ముందే ఆ డయాలిసిస్ గదికి చేరారు. కిటికీ పక్క మంచం ఆమెది. బక్కపలచని మనిషి, దళసరి కళ్ళద్దాలు, సూదులు గుచ్చి గుచ్చి తాడులా ఉబ్బిన చేయి. ఆ చేతిని కొంగుతో కప్పుకోవడం నేను ఎన్నడూ చూడలేదు.

మొదటి రోజు నేను ఆ గది గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. ఖాళీ ఉన్నది మంగళ, గురు, శనివారాల బ్యాచ్‌లోనేనని టెక్నీషియన్ చెప్పాడు. నా భార్య సత్యవతి ముఖం మాడిపోయింది. మంగళవారం మొదలుపెట్టిన పని మారు కోరుతుందని, అంటే మళ్ళీ మళ్ళీ చేయవలసి వస్తుందని, మా ఇళ్ళలో గట్టి నమ్మకం. నేను అలాంటివి నమ్మనని అందరితో అనేవాణ్ణి. అయినా ఆ పూట, సోమవారం బ్యాచ్‌లో ఖాళీ వచ్చేదాకా ఆగుతానని అన్నది నేనే. కాళ్ళు అప్పటికే బూరెల్లా పొంగి ఉన్నాయి. అప్పుడు కిటికీ పక్క మంచం మీదినుంచి ఒక గొంతు వినిపించింది.

"ఏటండీ, మంగళారమని భయమా? మారు కోరుతుందనా?"

సత్యవతి తల ఊపింది.

"మారు కోరాలనే కదమ్మా మనం వచ్చింది! ఒక్కసారి చేసి ఊరుకుంటే ఈయన ఏమైపోతాడు? మనకి మంగళారమంత మంచి రోజు ఇంకోటి లేదు. పడుకోండి మూర్తి గారూ."

నా పేరు కేసు కాగితం మీద ఎప్పుడు చదివారో తెలియదు. సత్యవతికి నవ్వు వచ్చింది, వెంటనే కన్నీళ్ళూ వచ్చాయి. నేను పడుకున్నాను. సూది దిగుతున్నప్పుడు నొప్పి తెలియకుండా ఆమె కుజుడి కథ మొదలుపెట్టారు. శివుడి నుదుటి చెమటచుక్క నేల మీద పడి బిడ్డ అయితే భూదేవి ఎత్తుకుని పెంచిందట. నేలతల్లి కొడుకు కాబట్టే అతనికి రక్తం రంగు, మొండితనం. "ఈ గొట్టంలో పారేది చూడండి, అదే రంగు. ఇవాళ ఆయనే మనకి కాపలా" అన్నారు. నేను చూశాను. అంతవరకు చూడడానికి ధైర్యం చాలలేదు.

ఆనాటి నుంచి కథలు వరుసగా నడిచాయి. మా ప్రాంతంలో లక్ష్మీవారమని పిలిచే గురువారం నాడు బృహస్పతిని చెప్పారు. ఆయన భార్య తార చంద్రుడి వెంట వెళ్ళడం, వారికి బుధుడు పుట్టడం, ఆ బిడ్డ ఎవరివాడని దేవతలు రెండు పక్షాలై కొట్టుకోవడం చెప్పి, "అందుకే చూడండి, చంద్రుడి సోమవారం అటు, గురువు గారి వారం ఇటు, మధ్యలో బుధవారం. తగవుపడ్డ పెద్దల నడుమ బిక్కుబిక్కుమంటున్న పసివాడు" అన్నారు. దేవతల గురువు ఇంటిని ఆనుకునే రాక్షసుల గురువు శుక్రుడు కాపురం పెట్టాడని, చచ్చినవారిని లేపే విద్య తెలిసినది మాత్రం ఆ రెండో ఆయనకేనని చెప్పి, మా డాక్టరు శుక్రవారం పుట్టి ఉంటాడని నవ్వించారు.

ఈ వరుస ఎవరు కట్టారని నేను ఒకనాడు నిలదీశాను. నాకు లెక్క కుదరనిది ఏదీ మింగుడుపడదు. రోజులోని ఇరవై నాలుగు హోరలకూ ఏడుగురు గ్రహాధిపతులు వంతులవారీగా వస్తారని, నడకలో నిదానమైన శని నుంచి వేగంగా తిరిగే చంద్రుడి దాకా వారి క్రమమని, ఉదయం మొదటి హోర ఎవరిదైతే ఆ రోజు వారిదని ఆమె వివరించారు. ఇంటికి వెళ్ళి ఆదివారం నుంచి వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఇరవై ఐదో హోర చంద్రుడికే వచ్చింది, సోమవారం కుదిరింది. ఏడూ కుదిరాయి. ఆ సంగతి చెబితే ఆమె ముఖం వెలిగిపోయింది. "ముప్పై ఏళ్ళు పాఠం చెప్పానండీ. ఇంటికెళ్ళి సరిచూసుకొచ్చిన పిల్లాడివి నువ్వొక్కడివే" అన్నారు. మొదటిసారి ఏకవచనంలో పిలిచారు. నాకు అది బహుమానంలా అనిపించింది.

ఆమెకు ఒక పక్క మంచం నాది, ఆవలి పక్క మంచం అప్పలరాజుది. నక్కపల్లి అవతల సముద్రం ఒడ్డు పల్లె నుంచి బస్సులో వచ్చేవాడు. ముప్పై నిండలేదు. వేటకు వెళ్ళే పడవలో వాటా ఉన్నవాడు, జబ్బు చేసి ఒడ్డున పడ్డాడు. నన్ను మామా అనేవాడు. యంత్రం తీసే నీటి లెక్క చూసి, "సముద్రం మీద ఉన్నన్నాళ్ళూ పడవలోకి నీరు రాకుండా తోడేవోణ్ణి. ఇప్పుడు నాలోంచే తోడుతున్నారు మామా" అనేవాడు. నవ్వే మనిషే కాని, భయం జాస్తి. ఒక శనివారం ఉదయం ఉన్నట్టుండి అడిగాడు.

"టీచరమ్మా, శనోరం సచ్చినోళ్ళు తోడు అడుగుతారంటారు. నిజమేనా?"

శని పీనుగ ఒంటరిగా పోదని, దగ్గరివారిలో ఒకరిని వెంట తీసుకుపోతుందని, అందుకే శనివారం పోయినవారి పాడెకు బతికున్న కోడిని తోడుగా కడతారని మా వైపు అందరికీ తెలుసు. శనివారం యంత్రాల మీద పడుకునేవాళ్ళం, ఆ మాట అంతవరకు ఎవరమూ పైకి అనలేదు.

"శని ఎవరి తమ్ముడురా?" అన్నారు టీచర్.

"ఏటో నాకేటి తెలుసు?"

"యముడి తమ్ముడు. ఇద్దరూ సూర్యుడి కొడుకులే. సూర్యుడి వేడికి తట్టుకోలేక ఆయన భార్య తన నీడని ఇంట్లో పెట్టి పుట్టింటికి పోయింది. ఆ నీడకి పుట్టినవాడు శని. కుంటివాడు, మెల్లగా నడుస్తాడు. తప్పొప్పుల లెక్క అన్నదమ్ములిద్దరూ పంచుకున్నారు. చచ్చాక అడిగేవాడు యముడు. బతికున్నప్పుడే అడిగేవాడు శని. అంటే శని బతికున్నవాళ్ళ దేవుడురా. ఆయన చేతిలో ఉన్నావంటే, అన్నగారి పేటకి ఇంకా పోలేదన్నమాట."

నాకు ఒళ్ళు పులకరించింది. అంత మంచి మాట అంతకుముందు విన్నట్టు గుర్తులేదు. అప్పలరాజు మాత్రం "బాగుందమ్మా" అని, ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. ఆమె అతని వీపు వైపు చాలాసేపు చూస్తూ ఉండిపోయారు. కథ నచ్చలేదని నొచ్చుకున్నారేమో అనుకున్నాను.

ఆ తరువాత కొన్ని నెలలకు, ఒక శనివారం ఉదయం మాతోపాటే యంత్రం మీద ఉండి, ఇంటికి వెళ్ళిన సాయంత్రం, గుండె ఆగి సుభద్ర టీచర్ పోయారు. ఆదివారం ఉదయం ఆటోలో కొండకర్ల వెళ్ళాను. ఊరి పక్కన ఆవ సరస్సు మీద మంచు ఇంకా తేలిపోలేదు. పాడె లేపబోతున్నారు. కాళ్ళవైపు కొయ్యకు ఒక ఎర్ర కోడిని కట్టి ఉంచారు. అది రెక్కలు కొట్టుకుంటూ అరుస్తోంది. నాకు మనసు చివుక్కుమంది. జీవితమంతా అర్థం చెప్పి భయాలు విప్పిన మనిషికి ఆఖరి ప్రయాణంలో ఈ కోడి ఏమిటి? ఆమె కొడుకు ప్రసాద్‌ను పక్కకు పిలిచి అడిగాను.

"పంతులు గారు అక్కర్లేదన్నారండీ. అమ్మే కట్టమంది. ఎప్పుడో చెప్పి ఉంచింది."

"ఆవిడా?"

"అవునండీ. నేనూ మీలాగే అడిగాను, నువ్వు నమ్ముతావా అమ్మా అని. 'నాకెందుకురా తోడు? నా పక్క మంచం మీద రాజుగాడున్నాడు. నేను శనివారం పోతే వాడు మళ్ళీ ఆ గదికి రాడు. రాకపోతే బతకడు. కోడిని కట్టండి, వాడికి తెలిసేట్టు చెప్పండి' అంది."

మంగళవారం గదిలో కలిసినప్పుడు చెబుదామనుకున్నాను, కాని ఆ ఉదయం రాజు రాలేదు. ఒక్క పూట తప్పినా ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుందని మా అందరికీ డాక్టరు చెప్పి ఉన్నారు. రెండు మంచాలు ఖాళీగా ఉన్నాయి. సూదులు లేని కుడి చేత్తో ఫోన్ చేశాను. అతని భార్య నూకరత్నం ఎత్తింది.

"రాత్రి నుంచీ ఎగూపిరి బాబూ. రమ్మంటే రాడు. నువ్వైనా సెప్పు."

తరువాత రాజు గొంతు, ముక్కలు ముక్కలుగా.

"ఆయమ్మ మంచిదే మామా. సచ్చినోళ్ళకి మంచీ సెడ్డా తెలీదు. తోడు కావాలంటే ముందు పక్కనున్నోణ్ణే పిలుత్తారు."

"ఆవిడ పక్కన నేనూ ఉన్నాను కదరా. నేను వచ్చాను."

"నీకేటి, యాభై దాటేయి. నాకు ముప్పై లేవు."

శని బతికున్నవాళ్ళ దేవుడని చెప్పబోయాను. మాట నోటిదాకా వచ్చింది. గోడవైపు తిరిగిన ఆ వీపు, దానిని చూస్తూ ఉండిపోయిన టీచర్ ముఖం కళ్ళముందు కదిలాయి. ఆమె నొచ్చుకోలేదని, ఆ పూటే ఒక నిర్ణయానికి వచ్చారని అప్పుడు అర్థమైంది.

"రాజూ, కోడిని కట్టారు."

"ఏటి?"

"పాడెకి. ఎర్ర కోడి. నా కళ్ళతో చూశాను."

"బతికున్నదేనా?"

"శ్మశానం దాకా అరుస్తూనే ఉంది. ఆవిడే కట్టమన్నారట, నీ పేరు చెప్పి."

చొక్కా తెమ్మని నూకరత్నంతో అనడం వినిపించింది.

"మరి ఆ ముక్క ముందే సెప్పాల గదా మామా! వత్తన్నాను."

నా వంతు ముగిశాక ఇంటికి వెళ్ళకుండా వరండాలోని బల్ల మీద కూర్చున్నాను. మధ్యాహ్నం రెండు దాటాక రాజు ఆటో దిగాడు. ముఖం ఉబ్బి కళ్ళు చిన్నవైపోయాయి. నూకరత్నం భుజం మీద బరువంతా వేసి నడుస్తున్నాడు. ఆ పూట ఖాళీ ఉన్నది కిటికీ పక్క యంత్రం ఒక్కటే. అతడు ఆ మంచం ముందు ఆగి దణ్ణం పెట్టాడు. టెక్నీషియన్ నా వైపు చూశాడు. నేను ముందుకు వెళ్ళి దుప్పటి సర్దాను.

"కోడి ఎల్పోనాది గదా" అని తనకు తానే చెప్పుకుని, రాజు ఆ మంచం ఎక్కి చేయి చాపాడు.

టీచర్ నాకు ఏడు రోజుల అర్థం చెప్పారు, నేను సరిచూసుకున్నాను, అది నాకు చాలింది. రాజుకు అది చాలదని చూసి, తాను నమ్మని కోడిని తన పాడెకు కట్టించుకున్నారు. ఎవరైనా కొత్తవారు భయంతో గుమ్మం దగ్గర నిలబడితే ఇప్పుడు నేను కథ ఎత్తుకోను. ముందు వారి భయం ఏమిటో అడుగుతాను. కొందరికి కథ పనికివస్తుంది. కొందరికి మరొకటి వెతకాలి.

రాజు తిరిగి వచ్చిన ఆ మంగళవారం డైరీలో రాసుకున్నది ఇంతే. పోయినది: సుభద్ర టీచర్. ఏమైనదో తెలియనిది: ఒక ఎర్ర కోడి. మిగిలినవి: రాజు, నేను, మంగళ, గురు, శనివారాలు.