నిలబడిన సైకిల్ పరుగు

మా అత్తగారింటికి నేను పెద్దల్లుణ్ణి, శ్రీధర్ చిన్నల్లుడు. అతను రేసు సైకిల్ కొన్న వారానికే నేనూ కొన్నాను. అతను హ్యాండిల్‌కు స్పీడు మీటరు బిగిస్తే నేనూ బిగించాను. మొన్నటి ఉగాదికి ఇద్దరం బెంగళూరు మడివాళ నుంచి దేవనహళ్ళిలోని అత్తగారింటికి తొక్కుకుంటూ వెళ్ళాం. దారి పొడవునా అతని మీటరు పాతిక, ముప్ఫై అంటుంటే నాది సున్నా దగ్గరే మొండికేసింది.

భోజనాల్లో అత్తగారు అతని ఓళిగల మీద, అంటే బొబ్బట్ల మీద, నెయ్యి వంపారు, నా ఓళిగల మీద చిలకరించారు.

తిన్న వెంటనే పెరట్లో కూర్చుని, చక్రం ఇరుసుకు కట్టిన, వైరు లేకుండానే మీటరుకు వేగం పంపే సెన్సర్ తుడిచి బిగించాను. సెన్సర్‌ను మళ్ళీ వెతకమని మీటరు బటన్ నొక్కాను. దొరికింది! పది, ఇరవై, ముప్ఫై రెండు!

"అత్తయ్యా, రండి! నాది అతనిదానికంటే ఎక్కువ చూపిస్తోంది!" అని ఇల్లంతా వినపడేలా అరిచాను.

అందరూ వచ్చారు. అత్తగారు వంగి చూసి, "చక్రం ఈడనే నిలబడి ఉండాది కదప్పా, నెంబరెట్ల పరుగెత్తుతా ఉండాది?" అన్నారు.

వెనక్కి తిరిగాను. శ్రీధర్ తన సైకిల్‌ను తలకిందులుగా పెట్టి, చైనుకు నూనె వేస్తూ గిరగిరా పెడల్ తిప్పుతున్నాడు. నా సెన్సర్‌లో బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది. నా మీటరు పట్టుకున్నది అతని సెన్సర్‌ను!

"నా స్పీడు కావాలంటే అడగొచ్చు కదన్నా" అని నవ్వాడు.

ఆ మాట చెప్పుకుని ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు. నాకు మాత్రం నవ్వు రాదు. అత్తగారి సంగతి సరే, నేను ఏరికోరి కొనుక్కున్న మీటరు కూడా నన్ను కాదని అతన్నే వెతుక్కుంది.