పొద్దుతో పోటీ చేసిన మౌలానా

మౌలానా హిదాయతుల్లా సాలూరు నుంచి కిరందుల్ వచ్చింది పిల్లలకు ఖురాన్ చెప్పడానికి. ఇనుప గనులు జోరుగా తవ్వుతున్న రోజులవి. వార్డులో కుళాయి తిప్పితే ఎర్రమన్ను నీళ్లు. ఆ నీళ్లతోనే రోజుకు ఐదుసార్లు నమాజుకు ముందు మొహం, కాళ్లూ చేతులూ కడిగి వజూ చేసి చేసి ఆయన తెల్లగడ్డం గోరింటాకు పెట్టినట్టు ఎర్రబడింది. జనం షోకనుకున్నారు. ఆయనకు ఒళ్లు మండింది. తాను వార్డు పార్షద్, అంటే కౌన్సిలరు అయితే తప్ప మంచినీళ్ల పైపు రాదని తేల్చుకుని నామినేషన్ వేసేశాడు.

ఆ వారమే మసీదు పక్క లోడింగ్ యార్డులో సైరన్ కాలిపోయింది. కాంట్రాక్టరు ఉత్త పిసినారి. కొత్తది కొనడం దండగనుకుని, సాయంత్రం పొద్దు గుంకాక మౌలానా మసీదు మైకులో ఇచ్చే అజాన్ పిలుపు వినపడగానే పని ఆపండని మేస్త్రీ గవర్రాజుతో చెప్పించాడు. చలికాలం మొదలవుతోంది. పొద్దు రోజురోజుకూ ముందే గుంకుతోంది. అజాన్ ముందే పడుతోంది, పారలు ముందే దిగుతున్నాయి. కులమతాలు చూడకుండా కూలీలంతా మౌలానాను ఆకాశానికెత్తేశారు. ఈ పుణ్యం సూర్యుడిదని ఆయనకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాడు. ఎన్నికల్లో నిలబడ్డవాడు మరీ అంత నిజం చెప్పనక్కర్లేదు కదా!

కానీ ఎన్నికలు ఫిబ్రవరికి వాయిదా పడ్డాయి. ఈలోగా సూర్యుడు ప్లేటు ఫిరాయించాడు. పగలు పెరుగుతున్నకొద్దీ అజాన్ వెనక్కి జరిగింది, దాంతోపాటే ఓట్లూ.

"ఇదేటి, గెలవకముందే ఇంత పొగరేటి?" అన్నారు కూలీలు.

ఎదురు నిలబడ్డ సత్యమూర్తి సందు దొరకబుచ్చుకుని, తనను గెలిపిస్తే అజాన్ అరగంట ముందే ఇప్పిస్తానని మైకులో హామీ ఇచ్చాడు. ఆయన రోజూ గుళ్లో కొబ్బరికాయ కొట్టే మనిషి. అజాన్ మీద మీకేం అధికారమయ్యా అని ఒక్కరూ అడగలేదు, చప్పట్లు మాత్రం కొట్టారు.

ఓటింగుకు ముందురోజు సాయంత్రం, యార్డులో పార పట్టే వరహాలమ్మ మసీదు గేటు దగ్గరికొచ్చింది.

"మౌలానా గారూ, పొద్దు కొండెనక్కి ఎల్పోనాది. ఈ ఒక్క పాలీ పిలిసీండి. వార్డంతా మీకే గుద్దేస్తాది."

నిజమే, సూర్యుడు కనబడటం లేదు. కానీ కొండకు అటువైపు ఇంకా ఎండ కాస్తోందని ఆయనకు తెలుసు. మైకు చేతిలోకి తీసుకున్నాడు. కుళాయిలోంచి తెల్లగా పడే నీళ్లు కళ్లముందు మెదిలాయి. ఆశ పుట్టింది, వెంటనే సిగ్గేసింది. మైకు కింద పెట్టేశాడు.

"కొండ దాస్తే పొద్దు గుంకినట్టు కాదమ్మా."

వేళయ్యాకే పిలిచాడు. ఆలోగా యార్డులోంచి వచ్చిన తిట్లన్నీ వరసగా ఆయన చెవిన పడ్డాయి.

ఓడిపోయాడు. చిత్తుగా ఓడిపోయాడు.

లెక్కింపు నాటి సాయంత్రం సత్యమూర్తి దండలతో ఊరేగుతూ యార్డు ముందు ఆగి, "ఇక పని ఆపండి!" అని గట్టిగా కేకేశాడు. ఒక్క పారా దిగలేదు. ఆయన బ్యాండు వాయింపించుకుంటూ వెళ్లిపోయాడు. మౌలానా ఆశ్చర్యపోయి గోడ మీదుగా వరహాలమ్మను పిలిచాడు.

"ఆయన ఆపమన్నాడుగా, ఆపరేం?"

"ఆడు సెప్తే ఎలాగాపుతాం? మీరింకా పిలవలేదు కదా."

"మరి ఓటు?"

"ఆడికే ఏసినాను. ఆడి మాట నిజమైతే అరగంట కలిసొస్తాదని." పార మీద గడ్డం ఆనించి తాపీగా అంది. "మీరు గెలిసినా ఓడినా పొద్దుకే పిలుస్తారు. మీకు ఓటెందుకు, దండగ?"

మౌలానాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి ముంచుకొచ్చాయి. ఎర్రనీళ్లతో మొహం కడుక్కున్నాడు. కొండకు అటువైపు కూడా పొద్దు గుంకేదాకా ఆగి, మైకు అందుకున్నాడు. యార్డులో పారలన్నీ ఒక్కసారిగా దిగాయి.