అంకుడు కర్ర యాక్సిలేటరు

ఇద్దరు మనుషులు, ఒక మోటారుసైకిలు, ఒక గొడుగు కలిసి గాల్లోకి లేచిన వైనం చెప్పబోతున్నాను. ఆ ఇద్దరిలో ఒకణ్ణి నేను. రెండోవారు నాకు కాబోయే మామగారు. అంటే, అవుతారో కారో, అసలు నేల మీదకి దిగాక ఎవరు మిగులుతారో తెలియని స్థితిలో ఉన్న మామగారు. నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను. నాకు మాత్రం ఆ రోడ్డు తలుచుకుంటే ఇప్పటికీ అరికాళ్ళు చల్లబడతాయి.

ఎనభైల మొదట్లో నర్సీపట్నంలో ఉంటూ, ఒక చక్కెర ఫ్యాక్టరీకి ఫీల్డుమేన్‌గా పనిచేసేవాణ్ణి. రైతుల చెరకు తోటలు చూడ్డం, ఎవరు ఎప్పుడు నరకాలో చెప్పడం నా పని. అందుకోసం సెకండ్ హ్యాండ్ మోటారుసైకిలు కొన్నాను. సెకండ్ హ్యాండ్ అని అమ్మినవాడన్నాడు గానీ, నాకంటే ముందు దాన్ని ఎన్ని చేతులు హింసించాయో ఆ బండికే తెలియాలి. తాళంచెవి నా దాకా రాకముందే పోయింది. బండి ఆపాలంటే సీటెత్తి కింద ఉన్న వైరు పీకాలి. ఈ వైరు సంగతి కాస్త గుర్తుంచుకోండి, దానితో మనకి పని పడుతుంది.

ఇవన్నీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది యాక్సిలేటరు. దాన్ని తిప్పడమంటే ఎండిపోయిన బోరింగు కొట్టడమే. సాయంత్రానికి మణికట్టు వాచిపోయేది. అన్నం కలుపుకోలేకపోతే మా అమ్మ ముద్దలు చేసి నోట్లో పెట్టేది, మీసాలొచ్చిన కొడుక్కి. చర్చిలో ఆరాధన అయ్యాక పెద్దలు వందనాలంటూ చెయ్యి చాస్తే ఎడమచెయ్యి ఇచ్చేవాణ్ణి. కుర్రాడికి పొగరెక్కిందని సంఘంలో చెప్పుకున్నారు.

మెకానిక్కు చూసి, కేబులు విశాఖపట్నం నుంచి రావాలి, వారం పాటు బండి వదిలెళ్ళమన్నాడు. చెరకు నరికే రోజుల్లో వారం బండి వదిలితే ఫ్యాక్టరీవాళ్ళు నన్ను వదిలేస్తారు. పైగా నేను ఇంటర్మీడియట్‌లో సైన్సు చదివినవాణ్ణి. పిడి లావుగా ఉంటే తిప్పడం తేలికవుతుందని ఆ సైన్సు నా చెవిలో ఊదింది. ఆ సూత్రం నిజమేనండీ. సూత్రాలెప్పుడూ నిజమే, వాటిని పట్టుకున్నవాడితోనే వస్తుంది చిక్కు.

ఏటికొప్పాకలో మా నాన్న స్నేహితుడు సింహాచలం బాబాయి లక్క బొమ్మలు చేసేవాడు. వెళ్ళి చెయ్యి చూపించాను. "పిడి సన్నంగుంటే సెయ్యి నొప్పెట్టదేటిరా? లావుపాటిది సేసిత్తానుండు," అని అంకుడు కర్రతో, లోపల డొల్లగా, బయట కూజా నడుములాంటి పిడి తీసి, ఎర్రరంగు లక్క పట్టించి ఇచ్చాడు. అంత అందమైన యాక్సిలేటరు జిల్లాలో మరొకటి ఉండదు. అతికించడానికని మరికొంచెం లక్క కూడా అడిగి తెచ్చుకున్నాను.

బండి హ్యాండిల్ కడ్డీ మీద ఓ గొట్టం తిరుగుతుంది, దాని మీద రబ్బరు పిడి ఉంటుంది. ఆదివారం సాయంత్రం ఆ రబ్బరు పీకేసి, లక్క కరిగించి పోసి, చెక్క పిడి తొడిగాను. ఇంకా లక్క మిగిలింది. పారేయడమెందుకని పిడి మీద కూడా మందంగా పూసేశాను. పిసినారితనం ఒక్కోసారి మెడ దాకా వస్తుంది. చల్లటి గాలిలో వీధి చివరి దాకా వెళ్ళొచ్చాను. వేలితో తోస్తే చాలు, తిరుగుతోంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నా కథలో మందేసిందీ నేనే, నాలుకా నాదే.

ఆ మర్నాడే నా జీవితం తేలాల్సి ఉంది. మిషన్ స్కూలు హెడ్మాస్టరు జ్ఞానరత్నంగారి అమ్మాయి సుగుణని చేసుకోవాలని నా కోరిక. సుగుణకీ ఇష్టమే. మాస్టారికి మాత్రం మోటారుసైకిళ్ళంటే హడల్. బండి తోలేవాడికి పిల్లనివ్వడమూ, పిల్లని నూతిలో తొయ్యడమూ ఒకటే అనేవారు. పాస్టరుగారు పదేపదే చెప్పగా చివరికి కాస్త మెత్తబడ్డారు.

"సోమవారం నేను యలమంచిలిలో రైలెక్కాలి. నీ వెనకాల కూర్చుని వస్తాను బాబూ. నాకు భయం వెయ్యకుండా దింపావా, మాట్లాడుకుందాం. భయం వేసిందా, మళ్ళీ మా గుమ్మం తొక్కొద్దు," అన్నారు.

సోమవారం ఎండ బాగా ముదిరాక, బండి వాళ్ళ వాకిట్లో నిలబెట్టి లోపలికెళ్ళాను. ప్రయాణానికి ముందు ప్రార్థన వాళ్ళింటి ఆచారం. మాస్టారు కళ్ళు మూసుకున్నారు. రోడ్డు కోసం, చక్రాల కోసం, ఎదురొచ్చే బస్సుల కోసం, వాటి డ్రైవర్ల కోసం, నా కళ్ళ కోసం, నా బుద్ధి కోసం ప్రార్థించారు. దేవుడికి ఒక్క సంగతి కూడా వదలకుండా చెప్పారు. అవతల ఏప్రిల్ ఎండలో నా లక్క పాకం కాసాగింది. మా క్షేమం కోసం ఆయనెంత గట్టిగా అడిగితే అది అంత మెత్తబడిపోయింది. ఈ సంగతి తర్వాత తెలిసింది గానీ, అప్పుడు నేనూ భక్తిగా ఆమెన్ అన్నాను.

మాస్టారు గొడుగు చంకలో పెట్టుకుని ఎక్కారు. పిడి పట్టుకుంటే అరచేతికి వెన్నలా తగిలింది. అంతా ప్రార్థన ఫలితమే అనుకున్నాను. ఊళ్ళో ఆవులకి కూడా దారిచ్చి, పెళ్ళి పల్లకీలా నడిపాను. "పర్లేదు బాబూ, బాగానే తోలతన్నావు," అన్నారు. ఆ మాటకి నా ఛాతీ ఉబ్బింది. ఊరు దాటాక ముందు ఓ బస్సు దుమ్ము రేపుతుంటే, మాస్టారి పంచె మాసిపోతుందని దాన్ని దాటడానికి యాక్సిలేటరు బాగా తిప్పాను. దాటాను. తగ్గిద్దామని వెనక్కి తిప్పాను. తిరగలేదు.

కరిగిన లక్క గొట్టానికీ కడ్డీకీ మధ్యకి జారి, ఎదురుగాలికి చల్లబడి, ఉన్నచోటే బిగుసుకుపోయింది. అది చాలదన్నట్టు నా చెయ్యి కూడా పిడికి అతుక్కుపోయింది. అరచెయ్యి, వేళ్ళు, అన్నీ. ముందు బ్రేకు ఆ చేతికిందే ఉంది, కానీ వేళ్ళు చాస్తేగా. కాలి బ్రేకు తొక్కితే కాలిన వాసన వచ్చింది తప్ప వేగం తగ్గలేదు. క్లచ్చి ఒకటుందని గుర్తొచ్చి, ప్రాణభయంతో లాగాను. నేను లాగిన లాగుడికి క్లచ్చి వైరు టప్పున తెగింది.

"బాబూ, కొంచెం నెమ్మది."

"నెమ్మదేనండీ. రోడ్డే బేగి వస్తోందండీ," అన్నాను. ఏం మాట్లాడుతున్నానో నాకే తెలియలేదు. చెమట కళ్ళలో పడుతోంది, తుడుచుకుందామంటే ఒక్క చెయ్యే ఖాళీ, అది తీస్తే ఇద్దరం కాలవలో ఉంటాం. జీడితోటలు అటూ ఇటూ పరిగెడుతున్నాయి. వెనకనుంచి మాస్టారు నా నడుం వాటేసుకున్నారు. బడిలో పిల్లల్ని గడగడలాడించే మనిషి గుండె నా వీపుకి తగులుతోంది, ఎవరి గుండె కొట్టుకుంటోందో తేల్చుకోలేకపోయాను. ఈయనకేమైనా అయితే సుగుణ మొహం ఎలా చూస్తానన్న భయం, నా చావు భయాన్ని కూడా మింగేసింది.

అప్పుడు సీటు కింది వైరు గుర్తొచ్చింది.

"మాస్టారూ, మీ కింద ఓ వైరుందండీ. అది పీకగలరా?"

"ఏటీ? నన్ను కరెంటు వైరు మీద కూసోబెట్టావా?"

"కరెంటు కొట్టదండీ. సీటెత్తితే కనబడుతుందండీ."

"నేను కూసున్న సీటు నేనెలాగెత్తుతాను బాబూ?" అన్నారు.

లెక్కల మాస్టారు, ఆయన మాటలో తప్పేముంది? ఆ తర్వాత ఆయన నాతో మాటలు మానేసి, గొంతెత్తి కీర్తనలు చదవడం మొదలుపెట్టారు. దేవుణ్ణి తప్ప ఇంకెవర్నీ నమ్మే పరిస్థితి కాదది. నేనూ గొంతు కలిపాను.

మలుపు తిరిగేసరికి బెల్లం గానుగ దగ్గర చెరకు బండి రోడ్డుకి అడ్డంగా తిరుగుతోంది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు. నాకు ముందు చెరకు బండి, వెనక మాస్టారు. పక్కన మాత్రం గానుగాడిన చెరకు పిప్పి కుప్పగా ఎండబోసి ఉంది. కళ్ళు మూసుకుని బండిని అటు తిప్పాను.

ఎగిరాం. తర్వాత అంతా తియ్యటి వాసన, చీకటి. బండి ఓ కూత పెట్టి ఆగిపోయింది. నేను బతికే ఉన్నాను. "మాస్టారూ," అని పిలిచాను. జవాబు లేదు. మళ్ళీ పిలిచాను. లేదు. అంత భయం నేను ముందెన్నడూ ఎరగను, తర్వాతా ఎరగను. దేవుడా, నన్ను తీసుకో, ఆయన్ని వదిలెయ్యి అని ఏడ్చేశాను. కాసేపటికి కుప్ప కదిలింది. ముందు గొడుగు బయటికొచ్చింది, వెనక మాస్టారు వచ్చారు. ఒంటి మీద దెబ్బ లేదు, మీసాల నిండా పిప్పి. అప్పుడు నాకు మళ్ళీ ఏడుపొచ్చింది.

ఆయన నా దగ్గరికొచ్చి నిలబడ్డారు. నేను పక్కకి పడిన బండి పక్కనే పడుకుని, కుడిచేత్తో పిడి పట్టుకునే ఉన్నాను. గుమ్మం తొక్కొద్దంటారని తల దించుకున్నాను. ఆయన వంగి నా చేతికేసి చూశారు.

"భయమేసినోడు ముందు సెయ్యి వదిలేత్తాడు. నువ్వు కిందపడ్డా వదల్లేదు. నా కూతురి సెయ్యి కూడా ఇలాగే పట్టుకుంటావు బాబూ," అన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఖాయం చేసుకుందామని తన చెయ్యి చాచారు.

నేనెక్కణ్ణించి ఇచ్చేది? లాగుతున్నాను, రావడం లేదు. ఆయనేమో, "తొందరేం లేదులే, భయం తగ్గేక వదులు," అని నా తల నిమిరి, నీళ్ళు తెస్తానని గానుగ దగ్గరికి వెళ్ళారు. ఆయన అటు తిరగ్గానే పళ్ళు బిగించి ఒక్క గుంజు గుంజాను. చెయ్యొచ్చింది. తోలు మాత్రం రాలేదు.

రైలు పోయింది గానీ సంబంధం కుదిరింది. ఆ వచ్చే ఆదివారమే చర్చిలో ప్రధానం, అదే నిశ్చితార్థం, పెట్టారు. ఆరాధన అయ్యాక సంఘమంతా వరసకట్టి, వందనాలు బాబూ వందనాలు అంటూ నా కుడిచెయ్యి పట్టుకుని ఊపారు. ఈసారి ఎడమచెయ్యి ఇచ్చే ధైర్యం లేదు. ఒక్కో పెద్దమనిషి ఊపుతుంటే నా కళ్ళు ధారలు కట్టాయి. మాస్టారు పాస్టరుగారితో, "ఎంత సున్నితమైన మనసో సూడండి," అంటున్నారు.

వరస అయిపోయాక సుగుణ నా అరచెయ్యి తిప్పి చూసింది. "ఏటిది? ఏటయ్యింది?" అంది. లక్క సంగతంతా చెప్పేశాను. అమ్మాయి నోటికి పైట అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వింది. తర్వాత నా చెవి దగ్గరకొచ్చి, "నాన్నకి సెప్పకండి. ఆయన ఒకర్ని మెచ్చుకోడం నేనిదే సూడ్డం," అంది.

మామగారు తమ చివరి రోజుదాకా, ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ పట్టిన చెయ్యి వదలని అల్లుడంటూ నన్ను చూపించారు. ఆయన ఇప్పుడు లేరు గనక ధైర్యం చేసి రాశాను. అందరి ముందూ గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో యాక్సిలేటరు ఎంత బిగుసుకున్నా నేను ముట్టుకోను, మెకానిక్కు వారమంటే నెల ఆగుతాను, లక్క వాసనొస్తే వీధి మారతాను. ఇక సుగుణ చెయ్యంటారా, అది మాత్రం ఏ లక్కా లేకుండానే పట్టుకున్నాను.