నాన్న దీపం గూట్లోనే ఉంది

నా చిన్నప్పుడు సైరన్ వేళ తప్పి కూసిందంటే మా కాలనీలో పొయ్యి మీది కూరను దించడానికి కూడా ఎవరూ ఆగేవాళ్ళు కాదు. ఉన్నది ఉన్నట్టు వదిలేసి గేటు దగ్గరికి పరుగే. గోదావరిఖనిలో మేం బొగ్గుగనిని బాయి అంటాం. షిఫ్టు మారేటప్పుడు కూసే కూత మాకు గడియారం. నడిమధ్యలో కూసిందంటే ఎవరి ఇంటికో చెడ్డ కబురు.

మా నాన్న ఆ బాయిలో ఇంజనీరు. పంపులు, మోటార్లు అన్నీ ఆయన చేతి కిందే. ఇప్పటికీ పాతవాళ్ళు నలుగురు కలిస్తే ఆయన ముచ్చట్లే చెప్పుకొని పడీపడీ నవ్వుతారు. ఆగిపోయిన జీపుకు ఎద్దులను కట్టి ఊరేగించాడని, వరదలో గోదావరి ఈదాడని. అన్నీ నిజమే. కానీ వింటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మనిషితో ఒక ఇంట్లో బతికినవాళ్ళం మేము. ఏది అడిగినా నవ్వులాటే జవాబు. అమ్మకు నడుము పడిపోయి, చెల్లెళ్ళను చూసే దిక్కు లేక నన్ను అయిదో తరగతిలోనే బడి మాన్పించారు. నేను ఏడుస్తూ కూర్చుంటే, "ఇగ ఇంటికి నువ్వే ఇంజనీరువు బిడ్డా, నాకన్న పెద్ద పోస్టు" అన్నాడు. అందరూ నవ్వారు. ఏ మిషను ఆగినా అన్నం ముందు నుంచి లేచి ఉరికే మనిషి, నా చదువు ఆగితే ఒక్క మాటతో సరిపెట్టాడు. ఇంజనీరు బిడ్డవు, అయిదో తరగతి కూడా దాటలేదా అని అడిగేవాళ్ళకు నేనేం చెప్పను?

నన్ను బడి మాన్పించిన ఏడే, వానాకాలంలో, పొద్దున షిఫ్టు నడుస్తుండగా సైరన్ కూసింది. అమ్మ మంచం దిగలేదు కాబట్టి నేనే పోయాను. పక్కింటి అక్క నాతో వచ్చింది. వాళ్ళాయన నాన్న కింద పంపు నడిపేవాడు. బాయి అడుగుకు నీళ్ళు వచ్చాయని, మనుషులను పైకి తెస్తున్నారని గేటు దగ్గర తెలిసింది.

బాయి మీద ఒక పద్ధతి ఉంటుంది. దిగే ప్రతి మనిషికీ దీపాల గదిలో తన నంబరు దీపం ఇస్తారు. పైకి వచ్చాక తెచ్చి మళ్ళీ అదే గూట్లో పెట్టాలి. గూట్లో దీపం ఉంటే మనిషి పైన ఉన్నట్టు, లేకుంటే ఇంకా లోపలే. అందుకే ఆడవాళ్ళం ముందు మనుషుల కోసం వెతకం, కిటికీలోంచి గూళ్ళు చూస్తాం. నాన్న గూట్లో దీపం ఉంది. ఇంకా నీళ్ళు కారుతున్నాయి.

"అక్కా, మా నాయిన అచ్చిండు!" అని అరిచాను.

అక్క తన భర్త గూడు వైపు చూస్తోంది. అది ఖాళీ. "మంచిగైంది చెల్లే. జల్ది పోయి అమ్మకు చెప్పు" అంది, నా వైపు తిరగకుండానే.

ఇంటికి ఉరికి చెప్పాను. అమ్మ గోడ పట్టుకొని లేచి చాయ్ పెట్టింది. ఫ్లాస్కులో పోసి, పొడి తువ్వాల ఇచ్చి మళ్ళీ పంపింది.

నాన్న ఎక్కడా కనబడలేదు. దీపాల గదిలో దీపాలిచ్చే కాకను అడిగితే, తుడిచిన దీపాన్నే మళ్ళీ తుడిచాడు. ఇంకోసారి అడిగితే చెప్పాడు. "పైకైతే అచ్చిండు బిడ్డా. దీపం మసకైందని గూట్ల వెట్టి, ఇంకోటి తీస్కొని మళ్ళ దిగిండు. పంపు కాడ ఇద్దరున్నరట. లారీ ట్యూబు, తాడు పట్టుకపోయిండు."

ఎవరూ పొమ్మనలేదట, ఆయనే పోయాడట. ఇంట్లో అమ్మ ఆయన వచ్చాడనుకొని బియ్యం కడుగుతూ ఉంటుంది. వెనక్కి పోయి ఏమని చెప్పాలి? అక్క వచ్చి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇద్దరం అట్లాగే నిలబడ్డాం.

ఎంతసేపటికో నాన్న ఒక్కడే పైకి వచ్చాడు. తల నుంచి కాళ్ళ దాకా బురద. గేటు దగ్గర జనమంతా ఆయన వైపు తిరిగారు.

"ఏంది, అందరు ఒక్క తీర్గ మొహాలు వెట్టిండ్రు? గోదారికి పోవుడు తప్పింది. గోదారే మన బాయిలకచ్చింది. తానం చేసిన, పాపాలన్ని పాయె!" అన్నాడు.

"సారూ, మా ఆయన?" అంది అక్క.

"నీ పెనిమిటి ఎన్కనే అస్తుండు చెల్లే. ట్యూబు మీద రాజు లెక్క కూసున్నడు, దిగుమంటె దిగడు."

జనమంతా నవ్వారు. అక్క కొంగు నోట్లో కుక్కుకొని నవ్వుతూ ఏడ్చింది. కాసేపటికి ఆమె భర్తను స్ట్రెచరు మీద తెచ్చారు. కాలు విరిగింది కానీ తెలివిలో ఉన్నాడు. రెండో మనిషి వెనకాలే నడిచి వచ్చాడు.

నాకు కోపం ఆగలేదు. "దీపం గూట్ల వెట్టి నువ్వెట్ల దిగినవ్? అచ్చినవని అమ్మకు చెప్పిన నేను!" అని మీదపడ్డాను. ఆయన నవ్వుతూనే నన్ను రేకుల షెడ్డు వెనక్కి తీసుకుపోయాడు. ఫ్లాస్కు మూతలో చాయ్ పోసి ఇచ్చాను. పట్టుకోలేకపోయాడు. చాయంతా చొక్కా మీద ఒలికింది. ముఖం నవ్వుతూనే ఉంది, చేతులు మాత్రం వేరే ఎవరివో అన్నట్టు వణుకుతున్నాయి.

"జర నువ్వు పట్టుకో బిడ్డా" అన్నాడు. మూత ఆయన నోటికి ఆనించాను.

"గంత భయమైతే గక్కడెందుకు నవ్వినవ్?"

"నీళ్ళల్ల ఇరుక్కున్నోడు నా మొహమే చూసిండు. పైన వాని పెండ్లాం నా మొహమే చూసింది. నేనే వణికితె వాళ్ళకేం ధైర్యముంటది?"

"మరి నాకు?" అని అడిగాను.

నా తల మీద చెయ్యి పెట్టాడు. అది వణుకుతూనే ఉంది.

సాయంత్రం ఇంట్లో మళ్ళీ అదే కథ, అదే నవ్వు. అమ్మ నడుము పట్టుకొని మరీ నవ్వింది. నేను లేచి బయటికి పోయాను.

భయపడ్డవాళ్ళ ముందు మన భయం విప్పకూడదని నాన్న నేర్పాడు, కాదనను. కానీ సొంత మనుషుల దగ్గరైనా విప్పాలని ఆయనకు ఎవరూ నేర్పలేదు. నన్ను బడి మాన్పించిన రోజు ఆయన చేతులు ఎట్లా ఉన్నాయో నేను చూడలేదు. చూసి ఉంటే ఈ కోపం తగ్గేదేమో. లేదేమో.

మా ఆయనా ఆ బాయిలోనే పనిచేసేవాడు. ఆయన పోయాక ఆ నౌకరీ నా కొడుకుకు వచ్చింది. వాడిదీ తాత పోలికే. డ్యూటీ దిగి వచ్చి ఇల్లంతా నవ్విస్తాడు. వాడు జోకు ఎత్తుకోగానే నేను లోపలికి పోయి గ్లాసు నిండా చాయ్ తెచ్చి చేతికిస్తాను. తొణకకుండా తాగాడా, నేనూ నవ్వుతాను. తొణికిందంటే తలుపు దగ్గరికి వేసి పక్కన కూర్చుంటాను. "ఇగ చెప్పు బిడ్డా" అంటాను.